గుండీతో పిల్లి ఏమంది

మా ఆవిడ పోయాక ఆవిడ కొన్న పిల్లల పుస్తకాలన్నీ మా మరదలు తన బడికి పట్టుకుపోయింది. మరదలు ఆ ప్రాథమిక పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్. లైబ్రరీ గదిలో అద్దాల బీరువా చేయించింది. దాని మీద అక్క ఫోటో పెట్టించింది. తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుంది. ఏడాది తర్వాత వెళ్ళి చూస్తే పుస్తకాల మీద ఒక్క కొత్త వేలిముద్ర లేదు.

మాకు పిల్లలు లేరు. వీధిలో పిల్లలే మా వరండాలో బోర్లా పడుకుని ఆ పుస్తకాలు నమిలేశారు. నలగని పుస్తకం మా ఆవిడ లెక్కలో పుస్తకమే కాదు. ఆ మాటే చెప్పాను.

“చింపేస్తారు బావగారూ. అక్క గుర్తుగా దాచాను. అది కూడా తప్పేనా?”

“గుర్తుకి ఫోటో ఉందిగా. పుస్తకాలు బయటికి తియ్యి.”

“మీరు మారరు.”

“మారను.”

నా పోరు పడలేక చివరికి ఒప్పుకుంది. మూడో తరగతి లైబ్రరీ పీరియడ్‌లో ఒకే ఒక్క పుస్తకం. నేనే చదవాలి, పిల్లల చేతికివ్వకూడదు, గంట కొట్టగానే లోపల పెట్టేయాలి. పిల్లలకు పట్టకపోతే ఇక జన్మలో బీరువా మాట ఎత్తకూడదు. సరేనన్నాను.

నేను చదివింది పల్లెటూరి బడిలో. అక్కడ పద్యం తప్పితే వీపు పగిలేది. చదివి వినిపించడమంటే ఏమిటో మా ఆవిడ దగ్గరే చూశాను. భోజనాల దగ్గర చదివేది. అసలు చోటు రాగానే పుస్తకం మూసి లేచిపోయేది. వెనకాలే వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి. గిన్నెలన్నీ నా చేత తోమించాకే మిగతాది.

పిల్లలు చాపల మీద కూర్చున్నారు. మరదలు వెనక కుర్చీ వేసుకుంది.

“నీతికథా తాతా?” ముందు వరసలో రెండు జడల పిల్ల అప్పుడే ఆవలిస్తోంది.

“నీతి లేదు. గుండీ ఉంది.”

చదివాను.

చొక్కా గుండీ ఊడిందంట,
మెట్ల మీద దొర్లిందంట,
గడప దాటి వీధి దాటి
పిల్లి ముందు ఆగిందంట.
పిల్లి దాన్ని పట్టి చూసి
పకపక నవ్వి అన్నదంట...

పుస్తకం మూసేశాను.

“ఏమంది?”

“మీరే చెప్పండి.”

“నువ్వు బిస్కెట్టువా అంది!”

“మ్యావ్ అంది!”

“పిల్లులు మాట్లాడవురా మొద్దూ.”

“గుండీలు వీధులు దాటుతాయేంటి మరి?”

రెండు జడల పిల్ల లేచి నిలబడింది. “నాకసలు చొక్కాయే లేదు, నువ్వెందుకే నాకు, ఫో అంది.”

గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు.

“అసలుది చెప్పు తాతా!”

“బీరువాలో ఉంటుంది. తాళంచెవి మీ పెద్ద మేడమ్ దగ్గర.”

అప్పుడు చూడాలి మరదలి మొహం.

వారం తిరక్కుండానే ఫోన్ చేసింది.

“బావగారూ, ఆ చివరి ముక్కేదో చెప్పి పుణ్యం కట్టుకోండి. మెట్ల మీద అడుగుతున్నారు, ప్రార్థనలో అడుగుతున్నారు. ఇవాళ బాత్రూం తలుపు కొట్టి మరీ అడిగారు.”

“పుస్తకంలో ఉంది.”

“మీకు కంఠతా వచ్చని నాకు తెలుసు.”

“వచ్చు.”

“మొండి మనిషి!” ఠక్కున పెట్టేసింది.

తర్వాతి లైబ్రరీ పీరియడ్‌కు పిలవకుండానే వెళ్ళాను. బీరువా తెరిచి ఉంది. మరదలే పుస్తకం పట్టుకుని చదువుతోంది.

“నాలుగు కళ్ళు పెట్టుకుని కూడా దారి తప్పావేమే, అన్నదంట.”

అచ్చం వాళ్ళక్క గొంతు. అంతమాత్రాన ఏడాదిపాటు వేసిన తాళాన్ని నేను మర్చిపోను.

ఒకడు తన చొక్కా గుండీకి బెజ్జాలు లెక్కపెట్టుకుని కిసుక్కుమన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. రెండు జడల పిల్ల నవ్వలేదు.

“ఇంతేనా? నాదే బాగుంది మేడమ్.”

మరదలు నా వైపు చూసింది.

“దానిదే బాగుంది,” అన్నాను. రాసినవాడు నాకేమైనా చుట్టమా?

“అయితే వేరేవాటిలో ఏముందో చూస్తా,” అంటూ ఆ పిల్ల బీరువాలో చెయ్యి పెట్టింది. వెనకే తరగతంతా లేచింది. మరదలు “మెల్లిగా, మెల్లిగా” అంటూనే పక్కకు జరిగింది. పై అర ఖాళీ అయిపోయింది. ఎక్కడో పర్రున కాగితం చిరిగింది.

“విన్నారా?” అంది మరదలు.

“విన్నాను. ఇంకా నలుగురికి అందలేదు. కింది అర కూడా తియ్యి.”