తోక తెచ్చిన తంటా

నేను ఒక యాంటీబాడీని. కంటికి ఆనను గానీ కుదురన్నది నా ఒంట్లో లేదు. ఆకారం పంగలకర్రది: పైన రెండు చేతులు, కింద ఒక తోక. పెద్ద ఎలుక కణాన్ని, చావు తెలియని కాన్సర్ కణాన్ని కలిపి గాజుబుడ్డిలో నన్ను పుట్టించారు. పుట్టింది పెద్ద ఎలుక వంశంలో, పట్టాల్సింది చిట్టెలుక కణాలను! మనుషుల ఆలోచనలు ఇలాగే ఉంటాయి లెండి.

చిట్టెలుకకు గాయమైతే ఒంట్లో ఒక రసాయనం "ఇటు రండి" అని కబురు పెడుతుంది. ఆ కబురందుకునే గ్రాహకం కొన్ని కణాల మీద ఉంటుంది. దాన్ని చేతులతో పట్టుకుని, లేజర్ తగలగానే నాకు అంటించిన రంగుతో పచ్చగా వెలగడమే నా కొలువు. తంటా అంతా నా తోకతోనే. గాయాన్ని శుభ్రం చేసే కణాలకు తోకలు పట్టే కొక్కేలుంటాయి. నన్ను వేసేముందు పది నిమిషాలు మరో మందు పోసి వాటిని మూసేయాలి. లేకపోతే గ్రాహకం లేని కణం మీద కూడా తోకతో ఇరుక్కుని ఊరికే వెలుగుతాను.

హైదరాబాదులో నేను చేరిన ల్యాబులో ఆ మందు ఎప్పుడో అయిపోయింది. అప్పట్లో ఎవరో ఫ్రిజ్ తలుపు మీది పద్ధతి కాగితంలో ఆ మందు పోయమనే వరుసను కొట్టేశారు. మందూ మళ్లీ తెప్పించలేదు, వరుసా మళ్లీ రాయలేదు. తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ కాగితమే వేదం.

స్వరూపకూ అంతే. నల్లగొండ పిల్ల, ఐదేళ్లుగా ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. ఫెలోషిప్ ఇంకో రెండు నెలలే. గాయం దగ్గరి కణాల మీద నన్ను వేసింది. కొక్కేలు నా తోక పట్టేశాయి. ఎంత గింజుకున్నా వదిలితేనా! లేజర్ పడగానే భగ్గున వెలిగాను. స్వరూప ఎగిరి గంతేసింది. ఆమె గైడు భీమశంకరం గారు, "థీసిస్ అయిపోయినట్టేనమ్మా! శుక్రవారం మీటింగులో నువ్వే చెప్పాలి" అన్నారు. అబద్ధమండీ బాబూ అని అరవాలనిపించింది. నోరుంటే కదా!

గురువారం ఆమె ఆ గ్రాహకమే లేని చిట్టెలుకల కణాలు తెచ్చింది. వాటి మీద నేను వెలగకూడదు. కొక్కేలు మళ్లీ పట్టాయి, మళ్లీ వెలిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె భీమశంకరం గారిని పిలిచి మానిటర్ చూపించింది.

"సార్, అది లేని కణాల్ల గూడ వెలుగుతున్నది. మొత్తం తప్పున్నట్టున్నది."

"రేపే కదమ్మా మీటింగు. ఆ ఒక్క ట్యూబు చూపించకపోతే కొంపలేం మునగవు."

"చూపియ్యకపోతే నాకు నిద్ర పట్టది సార్."

పక్క ల్యాబుకు పరుగెత్తి గోడు చెప్పుకుంటే, అక్కడి సీనియర్ అక్క వింటూనే, "కొక్కేలు మూసినవా?" అని అడిగింది. "మా కాగితంల అట్ల లేదక్కా" అంది స్వరూప. ఆ అక్క ఇచ్చిన నాలుగు చుక్కల మందు తెచ్చి, ముందది పోసి, సీసాలో మిగిలిన నన్నంతా వేసింది. ఈసారి నా తోక ఎవరూ పట్టలేదు. గాయం కణాలన్నీ రెండు చేతులా వెతికాను. ఆమె కోసమైనా ఒక్కటి దొరకాలని వెతికాను. గ్రాహకం ఎక్కడా లేదు.

వాడిన ట్యూబులన్నీ ఆమె బ్లీచ్ నీళ్లలో ఒంపేసింది. చేతులు కరిగిపోతుండగా ఆమె ఫోన్ మాట్లాడటం విన్నాను. "అమ్మా, ఇంకో ఏడాది పడ్తదే... లేదమ్మా, మంచిగనే ఉన్న." ఫోన్ పెట్టేసి, గ్లవ్స్ విప్పకుండానే ఏడ్చింది. పాపం, క్షమించమనడానికైనా నాకు నోరు లేదు.

తర్వాత ముక్కు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. మర్నాడు చూపించాల్సిన బొమ్మల్లో, గ్రాహకం లేని కణాల మీద నేను వెలిగిన బొమ్మను అన్నిటికన్నా ముందు పెట్టింది.