ఎనిమిదో గట్టు

యానాంలో ఎత్తు అంటే గోదావరి గట్టే. మిగతా ఊరంతా చదును. అందుకే 2007లో, అగ్రహారంలోని అమ్మిరాజు జిమ్ముకు నించుని తొక్కే ఎలిప్టికల్ మిషన్ వచ్చినప్పుడు, దాని ముందుభాగాన్ని పైకి లేపే ఇన్‌క్లైన్ మీట గురించి ఆడవాళ్ల బ్యాచికి ఎలా చెప్పాలో కోచ్ రెబెకాకు తోచలేదు. "ఒకటి నొక్కితే చిన్న గట్టండి, పది నొక్కితే పెద్ద గట్టు" అంది. ఆ మాట అతుక్కుపోయింది. ఇక పొద్దున్నే పలకరింపే "ఇవాళ ఎన్నో గట్టు?" అని.

అందరికంటే పట్టుదల మంగతాయారుది. అరవై ఏళ్ల మనిషి, కోడలి పంజాబీ డ్రెస్ తొడుక్కుని, సిగ్గుకు పైన తువ్వాలు కప్పుకుని మరీ వచ్చేది. మనవడికి కామెర్లు తగ్గితే అన్నవరం కొండ మెట్ల దారిన ఎక్కుతానని మొక్కుకుంది. పిల్లాడు లేచి తిరుగుతున్నాడు, మొక్కే మిగిలింది. రెబెకా ఆమెకు అన్నీ శ్రద్ధగానే నేర్పింది. పిడుల మీద వాలిపోవద్దని, మడమ ఎత్తకుండా తొక్కమని, రెండు నిమిషాలు పెద్ద గట్టు ఎక్కితే రెండు నిమిషాలు చిన్న గట్టుకు దిగమని, అప్పుడే తొడలకు మెట్లెక్కే సత్తువ వస్తుందని చెప్పింది.

నేర్పిందీ నిజమే, దాచిందీ నిజమే. ఆమె అన్నవరం ప్రయాణానికి నెల ముందు ఆ గట్టు లేపే మోటారు కాలిపోయింది. తెర మీద అంకె మారుతుంది, మిషన్ మాత్రం అంగుళం లేవదు. కాకినాడ నుంచి మెకానిక్ వచ్చేదాకా నోరు మెదపొద్దన్నాడు అమ్మిరాజు. అన్నాడు సరే, రెబెకా నోటికి ఆయనేమీ తాళం వేయలేదు కదా. ఆరో గట్టుకే ఆయాసపడే మంగతాయారు మర్నాడు నవ్వుతూ తొక్కేస్తూ, "నీ చలవేనమ్మా, ఎనిమిదో గట్టు ఎక్కేత్తన్నాను" అంది. ఆ మెప్పు తియ్యగా ఉంది, రెబెకా ఊరుకుంది. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే ఆ ఎనిమిదే కనిపించేది. సోమవారం మళ్లీ ఊరుకునేది.

అన్నవరం వెళ్లిన మంగతాయారు నాలుగో రోజు జిమ్ముకు వచ్చింది. చేతిలో ప్రసాదం లేదు. మిషన్ వైపు చూడకుండా బల్ల మీద కూలబడింది.

"సగం కూడా ఎక్కలేకపోయానమ్మా. మా ఆయన చెయ్యి పట్టుకుని దింపేసేరు. నెల్లాళ్లు ఎనిమిదో గట్టు ఎక్కిన కాళ్లు, ఎందుకు ఆగిపోతాయి చెప్పు. స్వామే రానివ్వలేదు. నాలో ఏదో దోషం ఉంది. ఇప్పుడు పిల్లాడికేమవుద్దో అని అన్నం సయించట్లేదు."

ఇన్నాళ్లూ తను దాచింది ఒక మోటారు సంగతే అనుకుంది రెబెకా. అది పోయిపోయి ఒక పసివాడి మీద భయమై కూర్చుంది. చెబితే ఈమె ఇక తన మొహం చూడదు, అమ్మిరాజు ఉద్యోగంలో ఉంచడు. చెప్పకపోతే ఈమె బతికినన్నాళ్లూ తనను తానే తిట్టుకుంటుంది.

"పిన్నిగారూ, దోషం మీది కాదండి, నాదండి. నెల్నుంచి ఆ మిషన్ లేవట్లేదండి. ఒకటి నొక్కినా, ఎనిమిది నొక్కినా ఒకటేనండి. నాకు తెలుసండి. మీరు మెచ్చుకుంటంటే చెప్పబుద్ధి కాలేదండి."

మంగతాయారు లేచి వెళ్లి పది నొక్కింది. అంకె మారింది. వంగి ముందుభాగం కింద చేత్తో తడిమి చూసింది. రెబెకా తిట్లకు సిద్ధపడింది.

"అయితే స్వామి రావద్దనలేదన్నమాట" అంది మంగతాయారు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. రెబెకా వైపు మాత్రం చూడలేదు.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపట్నుంచి గోదారి గట్టుకే వెళ్తాను. రేవు మెట్ల దగ్గిర, ఆరింటికి. నువ్వూ రా. ఎన్ని మెట్లెక్కేనో నువ్వే చెబుదువుగాని."

రెబెకా తలూపింది.

"ఎక్కినయ్యే చెప్పు" అంది మంగతాయారు.