శబ్దం లేని అమ్మ

టీవీలో అమ్మ నవ్వుతోంది, పెదాలు కదుపుతోంది, కానీ గొంతు లేదు.

నర్సుగా పనిచేసే కూతురు గేమ్ కన్సోల్ కంట్రోలర్ బటన్లు టకటకా నొక్కింది. తర్వాతి వీడియో. అదీ మూగదే. ఆ తర్వాతిదీ అంతే. అమ్మ పోయిన కొన్నేళ్లకే ఆ గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. అది వినడానికే సెలవు పెట్టి పుట్టింటికి వచ్చింది.

"ఒరేయ్, నీ ఆటల డబ్బా అమ్మ గొంతు మింగేసిందిరా!"

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "దాన్నేమీ అనకక్కా. పై గదిలో కంప్యూటర్ ఏది పంపితే అదే చూపిస్తుంది పాపం." అదే కంప్యూటర్ నుంచి ఒక సినిమా పెట్టాడు. కిటికీ అద్దాలు అదిరాయి. "చూశావా? వైఫై బాగుంది, నా డబ్బా బాగుంది. తేడా ఆ వీడియోల్లోనే."

ఇద్దరూ పైకి వెళ్లారు. పాత కెమెరాతో తీసినవి గేమ్ కన్సోల్‌లో ఆడవు. వాటిని దానికి సరిపడేలా మార్చే పని నాన్న పట్టుబట్టి నేర్చుకుని నెత్తినేసుకున్నాడు. తమ్ముడు ఆ ప్రోగ్రాం తెరిచాడు. అతని ముఖం మారింది.

"అక్కా, శబ్దం వద్దని ఒక్కో వీడియోకీ విడిగా టిక్కు పెట్టాలి. ఒకదానికి పెడితే పొరపాటనుకోవచ్చు. అన్నిటికీ పెట్టారంటే..."

వెనక గుమ్మంలో నాన్న. లేత్ షాపులో ఫోర్‌మన్‌గా మిషన్ల హోరును మించి అరిచిన మనిషి. ఇప్పుడు అడుగుల చప్పుడైనా వినిపించకుండా వచ్చాడు.

"అమ్మ గొంతు ఎందుకు తీసేశావు నాన్నా?"

"మీ అమ్మది కాదమ్మా, నాది తీసేద్దామనుకున్నా. కెమెరా పట్టుకున్నది ఎప్పుడూ నేనేగా. మైకు పక్కనే నా నోరు. 'సరిగ్గా నిలబడు, ఆ నవ్వేంటి, మాట్లాడకు.' ప్రతిదాంట్లో అదే. తిడుతున్నానని కూడా నాకు తెలీదు, షాపులో మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ణి. మొన్న మార్చినవి సరిచూద్దామని హాల్లో పెద్ద టీవీలో పెట్టుకుని విన్నా. ఆవిడ ఒక మాట మొదలెడుతుంది, నేను అడ్డుపడతాను. నువ్వొచ్చి అది వింటావని భయమేసింది. నాదొక్కటే తీద్దామంటే నాకు చేతకాలేదు, మళ్లీ శబ్దం లేకుండా మార్చా, ఇద్దరిదీ పోయింది. అసలు వీడియోలు మాత్రం చెరపలేకపోయాను. నా ఫోల్డర్లోనే ఉన్నాయి, పెట్టుకోండి. నేనూ ఇక్కడే కూర్చుని వింటాను."