మొదటి ముద్ద

ఏటి నీళ్లు... తీగబుట్టలోంచి దూరి, కాల్చి దంచిన అడవి గింజల చేదును పట్టుకుపోయే నీళ్లు.

మూడు రోజులుగా అదే చప్పుడు.

డల్సీకి ఆ చప్పుడంటే ఒళ్లు మంట.

ఒడ్డున, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్షారణ్యం నడుమ, పురావస్తు తవ్వకాలవాళ్ల గొయ్యి. నడుము లోతున నల్లటి పొర. కాలిన పెంకులు — ఈ గింజలవే. ఐదు వేల ఏళ్లనాటివట.

"ఇంత లోపలి అడవిలో మనవాళ్లు బతకలేదన్నారుగా, చదువుకున్నోళ్లు!" అని నవ్వింది చెల్లెలు నోరీన్.

అందరూ నోరీన్ చుట్టూనే. గుంటలుపడ్డ రాయి దొరికితే నోరీన్. "ఆంటీ, దీంతో గింజలెలా కొట్టేవాళ్లు?" అంటే నోరీన్.

అరవై ఏళ్ల కింద, ఆదివాసీ పిల్లల్ని లాక్కుపోవడానికి పోలీసులొచ్చిన రోజున అమ్మమ్మ చంటి నోరీన్‌ని చెట్టు వేళ్ల మధ్య దాచింది. పెద్దది దొరికిపోయింది. క్రైస్తవ మిషన్ హాస్టల్లో డల్సీ దుప్పట్లు ఉతకడం నేర్చుకుంది. ఇక్కడ నోరీన్ అడవిని నేర్చుకుంది.

చెల్లెల్ని చూస్తే కుళ్లు. ఆ పెంకుల్ని చూసినా కుళ్లే! వాటిని కాల్చిన ఆడమనిషి పక్కన కూతురు కూర్చునే ఉంటుంది... చూసి నేర్చుకునే ఉంటుంది... ఆ పిల్లనెవరూ ఎత్తుకుపోలేదు.

ఇవాళ బుట్ట పైకి తీశారు. ఇంటి పెద్దది మొదట రుచి చూసి, చేదు పోయిందంటేనే మిగతావాళ్లు ముట్టాలి.

"అక్కా, రా. నువ్వే చెప్పాలి."

"నువ్వే చూసుకో. అన్నీ తెలిసిన మహాతల్లివి."

"నువ్వుండగా నేనా? అమ్మమ్మ లేచొచ్చి చెవి మెలేస్తుంది!"

మనవలు, తవ్వకాలవాళ్లు — అందరి కళ్లూ డల్సీ నోటి మీదే.

చిటికెడు నాలిక మీద వేసుకుంది. మెత్తగా, చప్పగా ఉంది. చేదన్నది లేదు. ఆ మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

బాగుందంటే — మెచ్చుకోలు మళ్లీ నోరీన్‌కే.

"చేదు" అంది డల్సీ. "ఇంకా పోలేదు."

నోరీన్ అక్క ముఖంలోకి చూసింది. ఈ పనిలో నోరీన్ లెక్క ఎన్నడూ తప్పలేదు.

వాదిస్తుంది. ఇప్పుడు వాదిస్తుంది. వాదించాలి! అరవై ఏళ్ల పోట్లాట డల్సీ గొంతులో సిద్ధంగా ఉంది.

"పెద్దమ్మమ్మ చెప్పిందిగా, ఇంకో రోజు ఆగండి" అంది నోరీన్, పిల్లలతో. మోకాళ్లు పట్టుకుని ఏట్లోకి దిగి, బుట్టను మళ్లీ ముంచింది. వేళ్లకంటిన పిండిని నాక్కోలేదు. కడిగేసుకుంది.

ఏటి నీళ్లు... బుట్టలోంచి పారుతూనే ఉన్నాయి. పట్టుకుపోవడానికి అందులో ఏమీ లేదు.