ఊదుతున్నావా?

రోహిణి అక్క నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది, నేను భయంతో వెనక్కి జరుగుతున్నాను. ఆమె పోయి పదకొండు నెలలైందని కాదు నా భయం, ఆరడుగుల నియమం తప్పుతున్నామని.

మా ఇద్దరిదీ ఒకటే జబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతో వస్తుంది, ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది, చెమట కూడా మామూలు కంటే ఉప్పగా ఉంటుంది. ఇలాంటివాళ్ళు ఇద్దరు దగ్గరైతే ఒకరి ఛాతీలోని క్రిములు మరొకరికి అంటుకుంటాయి. అందుకే తొమ్మిదేళ్ళ స్నేహంలో నేను ఆమె చెయ్యి కూడా ముట్టుకోలేదు. ఆసుపత్రి నడవాలో చెరో చివర కూర్చుని, ఒకరికొకరు కనిపిస్తూనే ఫోన్లో కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఇప్పుడూ ఆ నడవాలోనే ఉన్నాం, కాని దాని చివర గోడ లేదు, గచ్చు ఎక్కడ అయిపోయిందో తెలియకుండా అక్క వాళ్ళ ఊరు నౌపడ ఉప్పు మడుల్లో కలిసిపోతోంది, కనుచూపు మేరా తెల్లని ఉప్పు, దాని మీద పల్చగా నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, ఏది పైనుందో ఏది కిందుందో అంతుపట్టదు, ఆ నీళ్ళ మీదే అక్క చెప్పుల్లేకుండా నడుచుకుంటూ, నేను జరిగినకొద్దీ నా వైపు వస్తోంది.

"ఏటిరా గౌరీశూ, దెయ్యాన్ని సూసినట్టు అలా పారిపోతన్నావు?"

"దెయ్యానివేగా అక్కా," అంటాను.

అక్క నవ్వుతుంది. బతికుండగా ఆమె నవ్వు ఎప్పుడూ సగంలో దగ్గుగా మారిపోయేది. ఈ నవ్వు చివరిదాకా వెళ్ళి, దానంతటదే ఆగుతుంది. తర్వాత ఆమె ఊపిరి పీలుస్తుంది, పీలుస్తూనే ఉంటుంది, మడుల్లో నీళ్ళన్నీ కదిలి ఆమె కాళ్ళ దగ్గరికి వస్తాయి, దూరాన ఉప్పు రాశులు ఒకదాని తర్వాత ఒకటి తళుక్కుమంటాయి, అయినా పీల్చడం అవ్వదు, ఒక మనిషిలో ఇంత గాలి పడుతుందా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటాను. అసూయ లేదు. ఏ గుళ్ళోనూ నాకింత భక్తి కలగలేదు.

"ఊదుతన్నావా?" అని అడుగుతుంది.

అది మా ఇద్దరి మాట. కఫం కదలడానికి డాక్టరమ్మ మాకు చెరో ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది, రోజూ దాంట్లో ఊదాలి. అక్క సాయంత్రం ఫోన్ చేస్తే ముందు అడిగేది అదే. సిగరెట్లు కాల్చడాన్ని కూడా ఊదడమే అంటారు కదా. ఆమె చివరి మూడు నెలలూ నేను "రోజూ ఊదుతున్నా అక్కా" అనే చెప్పాను. అబద్ధం ఆడలేదని నాలో నేనే మురిసిపోయాను కూడా. ఆఫీసు మెట్ల కింద మొదటి దమ్ము లాగినప్పుడు దగ్గు ముంచుకొచ్చి కాస్త కఫం కదిలింది, ఇదీ ఒక వైద్యమేలే అనుకున్నాను. అంతటి మేధావిని.

"నేను ఊదింది సిగరెట్లు అక్కా," అంటాను. "గొట్టం బీరువా మీద పడి ఉంది. నేను నీకు నిజం చెప్పకముందే నువ్వు ఎలిపోయావు."

మా చుట్టూ అద్దాల గది ఒకటి లేస్తుంది, ఆసుపత్రిలో ఊపిరి కొలిచే గదే, కాని నీళ్ళలో నిలబడి ఉంది, గోడల మీద సన్నని గీత కొండలా ఎక్కి దిగుతోంది.

"ఎంతుంది ఇప్పుడు?"

"నలభై ఎనిమిది." మామూలు మనిషి ఊపిరి నూరనుకుంటే, అందులో నాది. "కిందటేడు అరవై రెండు. ఎందుకు పడిపోతోందో తెలీక డాక్టరమ్మ మందులు మారుస్తోంది."

"సెప్పలేదు కదూ?"

"మానేశాక చెబుదామని. నాలుగుసార్లు మానేశానక్కా. మూడో రోజుకల్లా చేతులు వణికి, అమ్మ మీద అరిచి, పాన్ షాపు దగ్గర తేలతాను. నీకు కోపంగా లేదా?"

"ఉంది. సివరి నెల్లో నాకు ఇరవై ఒకటి. నలభై ఎనిమిదుంటే ఎన్ని పనులు సేద్దునో!" అద్దాలు ఒక్కసారి వణుకుతాయి. ఆమె గొంతు తగ్గిస్తుంది. "ఒరే, ఊపిరే నువ్వెప్పుడూ ఒక్కడివి తియ్యలేదు. పొద్దుటే మీ అమ్మ ఈపు తట్టకపోతే నీకు గాలాడదు. అలాటోడివి, ఈ సిగరెట్లు ఒక్కడివే మానీగలననుకున్నావేటి?"

అంటూనే నా వెనక్కి వచ్చి, అరచెయ్యి గిన్నెలా ముడిచి, వీపు ఎడమవైపు పక్కటెముకల చివర కొడుతుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె చెయ్యి. వెచ్చగా ఉంది. ఒక్కో దెబ్బకీ నీళ్ళలో వలయాలు లేచి దిక్కుల చివరిదాకా వెళ్తున్నాయి, అద్దాల గది కరిగిపోతోంది, నా లోపల ఎన్నాళ్ళనుంచో బిగుసుకున్నదేదో కదులుతోంది, ఆపొద్దక్కా అంటున్నాను.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. నేను బోర్లా పడుకుని ఉన్నాను, అమ్మ మంచం మీద కూర్చుని నా వీపు తడుతోంది. రోజూ కుడి భుజం కింద మొదలుపెట్టే మనిషి, ఇవాళ ఎడమవైపు, పక్కటెముకల చివర.

"ఇక్కడ గురగురమంటన్నాది. నువ్వు నిద్దరోతంటేనే ఇనబడింది," అంది.

"అమ్మా, నేను సిగరెట్లు కాలుస్తన్నాను. ఏడాది దాటింది. ఒక్కడినే మానలేకపోతన్నాను."

చెయ్యి ఆగింది. వీధిలో కూరగాయల బండివాడి కేక మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఆగే ఉంది. తర్వాత మళ్ళీ పడింది, అదే చోట, ముందుకంటే గట్టిగా.

"దగ్గురా," అంది అమ్మ.