పిడికెడు ఇసుక

పొద్దుట్నుంచి ఫౌండ్రీలో పోతపోసిన నలభై ఇనుప పంపు తొడుగుల్లో ముప్పై ఒకటి చిల్లులే. ఒక్కో అచ్చూ విప్పుతుంటే మేనేజరు ముఖం కందగడ్డ అయిపోయింది. కొత్త యంత్రం మాత్రం తనకేమీ తెలియనట్టు ఓ మూల గిర్రున తిరుగుతూ అచ్చుల ఇసుకలో నీళ్లు కలుపుతూనే ఉంది.

ఇరవై రెండేళ్లుగా ఆ పని చేసింది ఇసుకక్క. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇసుక గుప్పిట్లో బిగించేది, విప్పి వేళ్ల అచ్చులు చూసేది, రెండుగా తుంచేది. ఆవిడ చాలంటే చాలు, ఇంకో చెంబంటే ఇంకో చెంబు. యంత్రం నమూనా గీయడానికొచ్చిన కుర్ర ఇంజనీరు మూడు రోజులు ఆవిడ వెనకాలే తిరిగాడు.

"కుప్పకి ఎన్ని చెంబులక్కా?"

"ఇసుకని బట్టి బాబూ."

"ఎలా తెలుస్తుంది?"

"పట్టుకుంటే తెలుస్తుంది."

"అదే, ఎలా?"

ఆవిడకి దాచుకునే బుద్ధి లేదు. చెప్పాలనే చూసింది. చేతికి తెలిసింది నోటికి రాక తనమీద తనకే చిరాకేసింది. చివరికి విసిగిపోయి, "మామూలుగా అయితే రెండు. వాన పడిందనుకో..." అంది. అతను 'రెండు' దగ్గరే పుస్తకం మూసేశాడు.

నిన్నంతా వాన. ఇసుక చెమ్మ పట్టింది. చెమ్మ ఎక్కువైతే కరిగిన ఇనుము తగలగానే ఆవిరి పుట్టి చిల్లులు పెడుతుంది. "ఆపించండి బాబూ" అని ఇసుకక్క పొద్దున్నే మొత్తుకుంది. విన్నవాడు లేడు. యంత్రం బుద్ధిగా రెండేసి చెంబులు పోసింది.

మధ్యాహ్నం ఆవిడని మేనేజరు గదిలోకి పిలిచారు. ఇంజనీరూ అక్కడే ఉన్నాడు. బల్లమీద కాగితం, పెన్ను. నీళ్ల కొలత నేనే తప్పు చెప్పాను అని ఉంది అందులో.

"సంతకం పెట్టు" అన్నాడు మేనేజరు. "పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలిగా. పెడితే ఊడ్చే పనిలో ఉంటావు. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇసుకక్క చేతిలోని విద్య లాక్కుని దానికి చీపురిచ్చే ఏర్పాటు ఇది. విద్య పూర్తిగా ఊడిరాలేదు గనక తప్పు కూడా ఆ చేతిదే అయింది.

"వాన అన్నానా లేదా బాబూ?" అని ఇంజనీరు వైపు తిరిగింది.

ఇంజనీరు తలొంచుకున్నాడు. "అన్నావక్కా. కానీ దాన్ని అంకెల్లో పెట్టాలంటే..."

ఇసుకక్క బయటికెళ్లి, యంత్రం కిందనుంచి పిడికెడు ఇసుక తెచ్చి అతని చేతిలో పోసింది.

"పిసకండి."

పిసికాడు. ఇసుక అరచేతికి అంటుకుపోయింది.

"ఎలా ఉంది?"

"నీళ్లు ఎక్కువయ్యాయి."

"ఎన్ని?"

అతను నోరు తెరిచాడు. మేనేజరు వంక చూశాడు, చేతి వంక చూశాడు. అంకె రాలేదు.

"ఆ అంకె రాయండి ముందు. రాసినాక చూద్దాం. దీనిమీద మాత్రం నేను సంతకం పెట్టను" అని ఇసుకక్క బల్లమీది పెన్ను పక్కకి తోసేసింది.

అవతల షెడ్డులో యంత్రం ఇంకో రెండు చెంబులు పోసింది.