అయిదు నిమిషాల కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ముదురు ఎరుపు రంగు, రెండు చేతులు, వీపు మీద తెల్ల పెయింటుతో టెంట్ హౌస్ పేరు. నా వీపు చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ నన్ను పట్టించుకుని చూసినవాళ్ళు లేరు. కుర్చీని ఎవరు చూస్తారు? దొరికిందా లేదా అనేదే చూస్తారు.

నగరం శివార్లలో ఒక కర్మాగారంలో ప్లాస్టిక్ గుళికలు కరిగించి అచ్చులో పోస్తే పుట్టాను. నాతోపాటు పుట్టినవాళ్ళందరినీ ఒకరి మీద ఒకరిని పేర్చి లారీ ఎక్కించారు. నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరి టెంట్ హౌస్‌లో దించారు. అక్కడినుంచి నా బతుకంతా పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, పెద్దకర్మలు. నేను దొరకలేదని అలిగిన వియ్యంకులను చూశాను. తినేవాడు చెయ్యి కడుక్కోకముందే వెనకనుంచి నన్ను గుంజినవాళ్ళనూ చూశాను. ఒక్కటి మాత్రం గమనించాను: నా మీద కూర్చున్న ప్రతి మనిషీ లేచిపోవడం గురించే ఆలోచించేవాడు. ఒళ్ళు నా దగ్గర, మనసు వంటల దగ్గర. ఊరికే కూర్చుందామని కూర్చున్నవాడు ఒక్కడూ తగల్లేదు.

ఒక బరాత్‌లో పెళ్ళికొడుకు స్నేహితుడు నా మీద ఎక్కి గెంతాడు. నా ఎడమ చెయ్యి పగిలింది. టెంట్ హౌస్ యజమాని నన్ను ఇటూ అటూ తిప్పి చూసి, కిరాయికి పనికిరానని తేల్చుకుని, ఊరి నర్సు సుగుణమ్మకు దానం చేశాడు. పగిలినదాన్ని ఇచ్చి దాత అనిపించుకోవడం మనుషులకే చేతనవును.

సుగుణమ్మ పని ఊళ్ళో ముప్పై దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగర్ పరీక్ష చేయడం. ఇల్లిల్లూ తిరిగితే ఎవరూ దొరకడం లేదని ఆమె ఒక ఉపాయం చేసింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా బీడీలు చుడతారు. చుట్టినవి అప్పగించడానికి పొద్దున్నే బీడీ కార్ఖానాకు వస్తారు. నన్ను తీసుకెళ్ళి ఆ కార్ఖానా అరుగు మీద వేసింది.

ఇక చూడండి వేడుక! పరీక్ష అనేసరికి జనం బడి పరీక్షే అనుకున్నారు. ఒకామె ముందు రోజంతా ఉప్పు ముట్టలేదు. ఇంకొకామె కాకరకాయ రసం తాగి వచ్చి, "పాసైన్నా సిస్టరమ్మా?" అని అడిగింది. షుగర్ పరీక్షకు వేలు చూపించమంటే అందరూ ఎడమ చేతి చిటికెన వేలే చాపేవారు. మిగతా వేళ్ళు బీడీలవి, వాటిని గుచ్చనివ్వరు.

అన్నిటికంటే కష్టమైనది నా వంతు పని. బీపీ చూసే ముందు మనిషి నాకు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. చెప్పడానికి ఇంతే. చేతిలో పని లేకుండా ఆ ఆడవాళ్ళు అయిదు నిమిషాలు కూర్చున్నది వాళ్ళ పెళ్ళి పీటల మీదే కాబోలు. చాలామంది రెండు నిమిషాలకే లేచి నిలబడేవారు, ఎవరో తిడతారన్నట్టు.

జమున ఆ అరుగు మీదే నాకు పరిచయమైంది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, మాట మాత్రం గట్టిది. భర్త లింబాద్రి మస్కట్‌లో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. కూతురు కామారెడ్డి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. జమున తునికాకు చాటను ఒళ్ళో పెట్టుకునే నా మీద కూర్చుని, చుడుతూనే ఉంది. సుగుణమ్మ చాట లాక్కుంది. చాట పోయినా జమున వేళ్ళు ఆగలేదు, ఖాళీ గాలినే చుడుతున్నాయి. చూసిన ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత మెల్లగా వేళ్ళు ఆగాయి, వీపు నా మీద వాలింది, కళ్ళు మూతపడ్డాయి. ఒక మనిషి బరువు పూర్తిగా నా మీద పడడం అదే మొదటిసారి. నా జన్మకు అర్థం అప్పుడు తెలిసింది.

బీపీ ఎక్కువే ఉంది. గోళీలు ఇచ్చారు. అప్పటినుంచి నెలనెలా గోళీల కోసం వచ్చినప్పుడు జమున ఎవరూ చెప్పకుండానే నా మీద కూర్చునేది. ఒకసారి కళ్ళు తెరిచి సుగుణమ్మతో అంది:

"సిస్టరమ్మా, మా మామకు గిదే వయసుల కాలుచెయ్యి పడిపోయింది. చూపిచ్చుకున్నోడు గాదు. మా ఆయన గూడ రోజు తెల్లారంగ తలనొప్పి అంటుండు ఫోన్ల. ఒక్కసారన్న గీ కుర్చీల కూసోవెట్టాలె ఆయనను."

నాకు ఆ మాట పట్టుకుంది. ఎన్నడూ చూడని మనిషి కోసం నేనూ ఎదురుచూడడం మొదలుపెట్టాను.

సుగుణమ్మకు ప్రభుత్వం కొత్త కుర్చీలు పంపింది. నన్ను పారేస్తుంటే జమున అడిగి ఇంటికి తెచ్చుకుంది. పగిలిన చేతికి తీగ చుట్టి బిగించింది. లింబాద్రి సెలవు మీద వచ్చే వారం అది. వాకిట్లో, గాలి ఆడే చోట నన్ను వేసి, తడిగుడ్డతో తుడిచింది. "గిండ్ల కూసుంటడు" అని నాతోనే అన్నట్టు అంది. పెళ్ళి పందిట్లో మొదటి వరసలో ఉన్నప్పుడు కూడా నాకంత గర్వం లేదు.

లింబాద్రి వచ్చాడు. పొడుగు మనిషి, నవ్వు మొహం, బుగ్గలు ఎండకు కమిలి ఉన్నాయి. పెట్టెలోంచి సబ్బులు, అత్తరు, ఖర్జూరాలు తీసి పంచాడు. ఆ మర్నాడే సుగుణమ్మ బీపీ మిషన్‌తో వచ్చింది. మిషన్ చూడగానే అతని నవ్వు పోయింది.

"వద్దు సిస్టరమ్మా. మీరు చూసిన అంకెలన్ని ఫోన్ల ఎక్కిస్తరు గద. అది మా మెడికల్ వాళ్ళకు పోతది. అన్‌ఫిట్ అంటరు. నా వీసా పోతది."

"అన్నా, నా ఫోన్ మండలం దాటదు. మస్కట్ దాక ఏడ పోతది?" అని సుగుణమ్మ నెత్తి కొట్టుకుంది.

"మీకు తెల్వదమ్మా. ఇప్పుడంత కంప్యూటరే. ఏర్‌పోర్ట్‌ల పాస్‌పోర్ట్ పెట్టంగనే అంత కనవడతది."

అతన్ని చూసి నవ్వలేకపోయాను. గల్ఫ్‌కు పోయేవాడి ఒంటికి రెండే మాటలు, ఫిట్టూ అన్‌ఫిట్టూ. అన్‌ఫిట్ అయిన రోజున ఇల్లు, కూతురి చదువు, అన్నీ ఆగుతాయి. ఆ మనిషి తన రోగానికి భయపడలేదు, ఆ రోగం పేరు ఎవరికైనా తెలుస్తుందని భయపడ్డాడు.

జమున బతిమాలింది, అలిగింది, కోప్పడింది. అతను చెవిన వేసుకోలేదు. ఆ సెలవు రోజులన్నీ మంచం మీద కూర్చున్నాడు, గడప మీద కూర్చున్నాడు, బియ్యం బస్తా మీద కూడా కూర్చున్నాడు. నా వైపు మాత్రం రాలేదు. నా మీద కూర్చుంటే చేతికి బీపీ పట్టీ పడుతుందని అతని అనుమానం. ఒకనాడు స్నానానికి పోతూ చొక్కా తీసి నా వీపు మీద వేశాడు. అత్తరు, చెమట, పొగాకు కలిసిన వాసన. అతని నుంచి నాకు దక్కింది ఆ చొక్కా ఒక్కటే, అదీ అతను స్నానం చేసి వచ్చేదాకే.

తిరుగు ప్రయాణం నాడు నా మీద పెట్టె పెట్టి తాళం బిగించాడు. జీపు వచ్చింది. జమున ఏడవలేదు. జీపు మలుపు తిరిగాక వచ్చి నా మీద కూర్చుంది గానీ వీపు ఆనించలేదు.

ఆ నెల ఆమె గోళీలు తెచ్చుకోవడానికి పోలేదు. సుగుణమ్మే గోళీలు పట్టుకుని ఇంటికి వచ్చి కేకలేసింది.

"పానం మీదికి తెచ్చుకుంటవా అక్కా? గోళీలు ఆపుతరా ఎవరన్న?"

"ఆయన చూపిచ్చుకునేదాక నేను మింగ."

"గిదేం పంతం? ఇద్దరికిద్దరు పడిపోతే పిల్లనెవలు జూస్తరు?"

సుగుణమ్మ గోళీలు నా మీద పెట్టి పోయాక, జమున లింబాద్రికి ఫోన్ చేసి ఆ పంతమే చెప్పింది. అతను నవ్వాడు, తర్వాత తిట్టాడు, తర్వాత ఫోన్ పెట్టేశాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. వాళ్ళ మధ్య అన్ని దేశాలు, సముద్రం ఉన్నాయి. ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుని కూర్చోబెట్టే దారే లేదు. వాకిట్లో ఖాళీగా పడి ఉన్నాను. ఒకనాటి పొద్దున జమున నీళ్ళ బిందె ఎత్తబోయి, కళ్ళు తిరిగి, నన్ను పట్టుకుని నిలదొక్కుకుంది. పడిపోకుండా ఆపగలిగాను గానీ గోళీ మింగించలేకపోయాను. పక్కింటామె చూసి హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. మస్కట్‌లో సెలవు రోజు, శుక్రవారం. లింబాద్రి గొంతు మారిపోయి ఉంది.

"కళ్ళు తిరిగినయట గదనే. బిడ్డ ఫోన్ చేసి ఏడ్సింది. నేను గిప్పుడే మందుల దుకాణానికి పోయిన. పట్టీ ఏసి చూసిండు. చానా ఉన్నదంట. దావకానకు పొమ్మన్నడు."

"పోయినవా మరి?"

"పోతున్న. తొవ్వల ఉన్న. నువ్వు ముందుగాల గోళీ మింగు. నేను జూస్త, మింగు."

జమున వీడియోలో అతను చూస్తుండగానే మింగింది. అప్పుడు ఏడ్చింది. అతను వెళ్ళేదాకా నాకు అనుమానమే గానీ, మాట మీద నిలబడ్డాడు. డాక్టరు మందులు రాశాడు, అన్‌ఫిట్ అని ఇంటికి పంపించలేదు. చల్లగా పనిలోకే పోనిచ్చాడు. లింబాద్రి ఆ మాట చెబుతుంటే అతని గొంతులో ఆశ్చర్యం వినిపించింది. ఎన్నాళ్ళుగా మోస్తున్న భయమో అది.

ఆ తర్వాత అతని గదిలో ఉండేవాళ్ళంతా కలిసి చిన్న మిషన్ కొనుక్కున్నారు. ప్రతి శుక్రవారం పొద్దున ఫోన్ మోగుతుంది. జమున దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, నా మీద కూర్చుంటుంది. అక్కడ లింబాద్రి ఇనుప మంచం మీద గోడకు వీపు ఆనించి, చేతికి పట్టీ కట్టుకుని కూర్చుంటాడు. అతను ఏదో చెప్పబోతాడు. జమున వేలు అడ్డం పెట్టి, "మాట్లాడొద్దు" అంటుంది.

అంతకుముందు వాళ్ళ ఫోన్లలో ఇంటి పని, ఫీజులు, ఎవరి పెళ్ళికి ఎంత పెట్టాలి అనే లెక్కలే విన్నాను. ఇప్పుడు మాటలు లేవు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. సెలవు మీద వచ్చినప్పుడు కూడా వాళ్ళంతసేపు చూసుకోలేదు, నాకు తెలుసు. అతని చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు ఆమె అప్పుడే గమనించినట్టుంది. నాకు మాత్రం ఆ మనిషి బరువు ఎంతో ఈనాటికీ తెలియదు. తీగ చుట్టిన చెయ్యి ఊడిపోకముందే ఒక్కసారి తెలిస్తే చాలుననుకుంటాను.

మొన్న శుక్రవారం మిషన్ కూత పెట్టింది. లింబాద్రి అంకెలు చదివాడు. బాగానే ఉన్నాయి. జమున తల ఊపి ఫోన్ వైపు చెయ్యి చాచింది.

"అయిపోయింది గద. పెట్టేస్తున్న."

"ఉండు జమునా," అన్నాడు లింబాద్రి. "ఇంకో అయిదు నిమిషాలు కూసుందాం."

ఆమె మళ్ళీ నా మీద వాలింది.